కంపెనీ మార్చే ముందు ప్లాన్ లెక్క చూడండి

2024 జులై మొదటి వారంలో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ ఒకదాని వెనక ఒకటి రేట్లు పెంచాయి. జియోలో 239కి వచ్చే 28 రోజుల ప్లాన్ 299 అయింది, ఎయిర్‌టెల్‌లో 299 ఉన్నది 349కి పోయింది. అప్పటి నుంచి హన్మకొండ చౌరస్తాలోనైనా పరకాల బస్టాండు దగ్గరైనా రీఛార్జి మాట వస్తే చాలు, "పోర్ట్ పెట్టుకుంటే అయిపోతది కదా" అనే సలహా రెడీగా ఉంటున్నది. సలహా తప్పని కాదు. నంబరు మారకుండా కంపెనీ మార్చుకునే హక్కు 2011 జనవరి 20 నుంచి దేశమంతా ఉంది, వాడుకోవాల్సిందే. కానీ డబ్బులు మిగలాలన్నదే లక్ష్యమైతే, చాలామందికి మారాల్సింది కంపెనీ కాదు, ప్లాన్. ఈ సంగతి లెక్క వేసి చూస్తే తప్ప తెలియదు, లెక్క వేసే ఓపిక రీఛార్జి షాపు దగ్గర నిలబడ్డప్పుడు ఎవరికీ ఉండదు.

రోజుకు 1.5 జీబీ, అన్‌లిమిటెడ్ కాల్స్, 28 రోజులు. మన దగ్గర ఎక్కువమంది వేయించుకునే రకం ప్లాన్ ఇదే కాబట్టి దీంతోనే మొదలుపెడదాం. 2024 జులై పెంపు ప్రకారం జియోలో ఇది 299, ఎయిర్‌టెల్‌లో 349, వీఐలో కూడా 349. ఎయిర్‌టెల్ నుంచి జియోకి పోతే ఒక్కో రీఛార్జికి 50 మిగులుతుంది. 28 రోజుల ప్లాన్ అంటే ఏడాదికి 12 కాదు, 13 రీఛార్జిలు. అంటే మిగిలేది 650. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

ఇప్పుడు అదే మనిషి ఎయిర్‌టెల్‌లోనే ఉండి, 28 రోజులది మానేసి 84 రోజులది వేయించుకున్నాడనుకోండి. అదే రోజుకు 1.5 జీబీ, ధర 859. నెలనెలా వేస్తే ఏడాదికి 349 చొప్పున 13 సార్లు, మొత్తం 4,537. 84 రోజులది వేసుకుంటూ పోతే ఏడాదికి సుమారు 3,730. మిగులు 800 పైనే. కంపెనీ మారితే వచ్చిన దానికన్నా ఎక్కువ, అదీ సిమ్ తీయకుండా, వేలిముద్ర వేయకుండా. ఇంకొంచెం ముందుకు పోతే 365 రోజుల ప్లాన్ 3,599 ఉంది, అందులో రోజుకు 2 జీబీ. డేటా పెరిగింది, ఖర్చు 938 తగ్గింది. ఇదే జియోలో నెలనెలా 299 వేసే మనిషికి ఏడాదికి 3,887 అవుతుంది. అంటే ఖరీదైన కంపెనీ అని పేరుపడ్డ దానిలో ఏడాది ప్లాన్ వేసుకున్నవాడు, చవక కంపెనీ అని పేరుపడ్డ దానిలో నెలనెలా వేసేవాడికన్నా తక్కువ కడుతున్నాడు, పైగా ఎక్కువ నెట్ వాడుతున్నాడు. జియోలోనూ ఇదే కథ. 84 రోజులది 799 అంటే రోజుకు 9 రూపాయల 51 పైసలు, 28 రోజులది 299 అంటే రోజుకు 10 రూపాయల 68 పైసలు.

ఈ రేట్లు మళ్లీ మారతాయి, కొన్ని ప్లాన్లు లేచిపోతాయి కూడా. 2025 ఆగస్టులో జియో, ఎయిర్‌టెల్ రెండూ 249 ప్లాన్లను తీసేశాయి. కాబట్టి అంకెలను బట్టీ పట్టాల్సిన పని లేదు, రీఛార్జి చేసేరోజు ధరను రోజులతో భాగించి చూస్తే చాలు. ఫోన్లోనే క్యాలిక్యులేటర్ ఉంటుంది.

మరి అంత తేలికైతే అందరూ ఏడాది ప్లాన్ ఎందుకు వేయించుకోరు? చేతిలో ఒకేసారి 3,599 ఉండాలి కదా. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీకి ఏ రోజు కూలి ఆ రోజుది, 299 తీయడమే ఆ వారం ఖర్చులో కోత పెట్టుకోవడం. నిజానికి ఈ రేట్ల పద్ధతిలో నాకు మింగుడుపడని సంగతి ఇదే. తక్కువ సంపాదించేవాడు చిన్న రీఛార్జిలు వేసుకుంటూ రోజు లెక్కన ఎక్కువ కడతాడు, ఉన్నవాడు ఏడాదిది ఒకేసారి కట్టి తక్కువలో బయటపడతాడు. దీనికి పోర్టింగ్ మందు కాదు, ఎందుకంటే ప్రైవేటు కంపెనీలు మూడింట్లోనూ రేట్ల పద్ధతి ఇట్లనే ఉంది.

అయితే రైతు కుటుంబాల విషయంలో ఒక వీలుంది. నవంబరు నుంచి సంక్రాంతి లోపు పత్తి అమ్మిన డబ్బులు చేతికొస్తాయి, యాసంగి వడ్లవి మే నెలకు వస్తాయి. ఆ పైసల్లోంచే ఇంటిల్లిపాదికీ ఏడాదిదో, కనీసం 84 రోజులదో వేసి పెట్టుకుంటే, ఆగస్టులో ఎరువుల కట్టలకు చేయి ఆడని రోజుల్లో రీఛార్జి టెన్షన్ ఉండదు. అప్పు తెచ్చి మాత్రం ఏడాది ప్లాన్ వేయించొద్దు. మిగిలే వెయ్యి వడ్డీకే పోతుంది.

ఇంకో మాట, అసలు ఎంత డేటా కావాలి? దీనికి ఊహ అక్కరలేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అని ఉంటుంది, నెల మొత్తంలో ఎన్ని జీబీలు వాడారో, ఏ యాప్ ఎంత తిన్నదో అక్కడే కనిపిస్తుంది. రోజుకు 1.5 జీబీ అంటే 28 రోజులకు 42 జీబీ. ఇంట్లో వైఫై ఉన్నవాళ్లు అది తెరిచి చూస్తే నెలకు 5 జీబీ కూడా దాటని ఫోన్లు ఇంట్లో రెండు మూడైనా బయటపడతాయి. అలాంటి ఫోన్‌కు రోజువారీ డేటా ప్లాన్ వేయడం అంటే వాడని సరుకుకు డబ్బు కట్టడమే. ఎయిర్‌టెల్‌లో 2024 పెంపు తర్వాత 1,999కి ఏడాది వ్యాలిడిటీ, కాల్స్, మొత్తం మీద 24 జీబీ వచ్చే ప్లాన్ ఉండేది. 349 చొప్పున 13 సార్లు కట్టే దానితో పోలిస్తే సగానికన్నా తక్కువ. హన్మకొండలో నలుగురున్న ఇల్లు, ఫైబర్ కనెక్షన్ ఉంది, ఇద్దరు పగలంతా ఇంట్లోనే ఉంటారు అనుకుంటే, ఆ ఇద్దరి ఫోన్లు ఈ రకానికి మార్చితేనే ఆ ధర లెక్కన ఏడాదికి 5 వేలు మిగిలేవి. ఏ పోర్టింగూ అంత మిగల్చదు.

దీనికి రివర్స్‌లో కూడా కొందరుంటారు. నయీంనగర్, భీమారం వైపు హాస్టళ్లలో ఉండే పిల్లలకు 1.5 జీబీ సాయంత్రం ఏడింటికే అయిపోతుంది, క్లాసు వీడియో మధ్యలో ఆగుతుంది, వెంటనే 22 రూపాయల బూస్టర్ వేస్తారు. ఆ 1 జీబీ ఆ ఒక్కరోజే. నెలలో నాలుగుసార్లు వేస్తే 88 పోయినట్టే. ఇలాంటివాళ్లు పెద్ద ప్లాన్ తీసుకోవడమే చవక. పైగా 2024 పెంపుతో పాటు జియో, ఎయిర్‌టెల్ ఇంకో షరతు పెట్టాయి: రోజుకు 2 జీబీ, ఆపైన ఉన్న ప్లాన్లకే అన్‌లిమిటెడ్ 5జీ. జియోలో 299కి, 349కి మధ్య తేడా 50 రూపాయలు, కానీ 5జీ ఫోన్ ఉండి, రూములో 5జీ సిగ్నల్ వస్తుంటే ఆ 50తో డేటా లెక్కే ఉండదు. వరంగల్‌లో జియో 5జీ 2023 మొదట్లోనే వచ్చింది కాబట్టి వరంగల్, హన్మకొండ, కాజీపేట ట్రైసిటీలో ఉండేవాళ్లకు ఇది పనికొచ్చే లెక్క. అదే ఫోన్ పట్టుకొని 5జీ అందని ఊరికి పోతే ఆ అన్‌లిమిటెడ్ ఊసే ఉండదు, 2 జీబీ దాటగానే నెట్ నత్తనడక నడుస్తుంది. ఎక్కడ ఎక్కువ సేపు ఉంటారో ఆ చోటును బట్టి ప్లాన్ ఎంచుకోవాలి.

ధర సంగతి అట్లుంచి, కంపెనీ మారడానికి గట్టి కారణం ఒకటుంది. అది సిగ్నల్.

2024 జులై, ఆగస్టుల్లో జరిగింది చూస్తే ఇది బాగా అర్థమవుతుంది. రేట్లు పెరిగిన కోపంలో దేశవ్యాప్తంగా జనం బీఎస్ఎన్ఎల్ వైపు పోయారు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం ఆ జులై ఒక్క నెలలో బీఎస్ఎన్ఎల్‌కు 29 లక్షల మంది పెరిగారు, ఎయిర్‌టెల్‌కు సుమారు 17 లక్షలు, వీఐకి 14 లక్షలు, జియోకి ఏడున్నర లక్షలు తగ్గారు. ఆగస్టులో జియో ఒక్కటే 40 లక్షల మందిని పోగొట్టుకుంది. అదే నవంబరు వచ్చేసరికి కథ తిరగబడింది, బీఎస్ఎన్ఎల్‌కు 3 లక్షల మందికి పైగా తగ్గారు, జియోకి 12 లక్షలు పెరిగారు. చవకగా ఉందని పోయినవాళ్లలో చాలామందికి వాళ్లుండే చోట 4జీ అందలేదు. అప్పటికి బీఎస్ఎన్ఎల్ 4జీ టవర్ల పని ఇంకా సగంలోనే ఉంది. స్వదేశీ పరికరాలతో కట్టిన ఆ 4జీ నెట్‌వర్క్‌ను దేశమంతటికీ అధికారికంగా ప్రారంభించింది 2025 సెప్టెంబరు 27న, ఒడిశాలోని ఝార్సుగూడలో. టవర్లు 97 వేలకు పైగా అన్నారు. కాబట్టి 2024లో "బీఎస్ఎన్ఎల్ నెట్ రాదు" అని తిరిగొచ్చినవాళ్ల మాట ఇప్పుడు మీ వాడకు వర్తించకపోవచ్చు, "ఇప్పుడు సూపర్ ఉంది" అని ఎవరో అన్న మాట కూడా వర్తించకపోవచ్చు. రెండింటినీ మీ ఇంట్లోనే చూసుకోవాలి.

ఉత్తర తెలంగాణలో ఈ తేడా కిలోమీటర్లలో కాదు, గడపల్లో కనిపిస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్, అంటే 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటివి, దూరం పోతుంది, గోడల్లోంచి లోపలికి కూడా వస్తుంది. 5జీకి ఎక్కువగా వాడే 3,300 మెగాహెర్ట్జ్ బ్యాండు వేగం ఎక్కువ ఇస్తుంది కానీ నాలుగు గోడలు దాటేసరికి నీరసపడుతుంది. అందుకే సుబేదారిలో రోడ్డు మీద 5జీ గుర్తు చూపించే ఫోన్ అపార్టుమెంటు లోపలి బెడ్‌రూములో 4జీకి దిగుతుంది. ములుగు దాటి తాడ్వాయి, ఏటూరునాగారం అడవి దారిలో టవర్ల మధ్య దూరం ఎక్కువ. అడవిలో టవరు కట్టాలంటే అనుమతులు, కరెంటు, రోడ్డు అన్నీ కావాలి కాబట్టి ప్రైవేటు కంపెనీలు లాభం చూసుకొని గానీ రావు. అలాంటి చోట్లకు కేంద్రం డబ్బు పెట్టి బీఎస్ఎన్ఎల్‌తో టవర్లు వేయించే పథకాలున్నాయి. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో 2,343 చోట్ల 2జీ టవర్లను 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది, అదే ఏడాది జులైలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు కేటాయించింది. ఈ కారణంతోనే నగరంలో ఎవరూ పట్టించుకోని బీఎస్ఎన్ఎల్ సిమ్ కొన్ని అడవి ఊళ్లలో ఏకైక దిక్కుగా ఉంటుంది.

పరీక్ష ఎలా చేయాలి అంటే, ఆ కంపెనీ సిమ్ ఉన్న పక్కింటివాళ్ల ఫోన్ ఒక పూట అడిగి తెచ్చుకోవడమే. వాకిట్లో నిలబడి కాదు, మీరు పడుకునే గదిలో, తలుపేసి, రాత్రి ఎనిమిది తొమ్మిది మధ్య వీడియో పెట్టి చూడండి. పొద్దున పదింటికి ఏ నెట్‌వర్కయినా బాగానే నడుస్తుంది, రాత్రి వాడంతా ఒకేసారి ఫోన్ పట్టుకున్నప్పుడు నడవడమే అసలు సంగతి. వీడియో ఆగకుండా వచ్చిందా, కాల్ మధ్యలో గొంతు తెగిందా, ఈ రెండూ చాలు. కరెంటు పోయిన గంటలో కూడా ఒకసారి చూస్తే మంచిది, కొన్ని టవర్లలో బ్యాటరీ సరిగ్గా ఉండదు, ఊళ్లో కరెంటు పోతే సిగ్నలూ పోతుంది. ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల వల్ల 2025 ఏప్రిల్ నుంచి ప్రతి కంపెనీ తన వెబ్‌సైటులో కవరేజీ మ్యాపు పెట్టాలి, అది కూడా చూడొచ్చు. మ్యాపు ఊరి వరకు చెబుతుంది, మీ గది వరకు చెప్పదు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఏ కంపెనీ మీదా తీర్పు ఇవ్వొద్దు. లక్షల మంది ఒక్కచోట చేరతారు, కంపెనీలు తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతాయి, అప్పటి సిగ్నల్‌కూ మామూలు రోజుల సిగ్నల్‌కూ సంబంధం ఉండదు.

ఊళ్లో ఉండే అమ్మానాన్నల ఫోన్ల విషయం వేరుగా చూడాలి. నగరంలో ఉండే కొడుకో బిడ్డో "అందరం ఒకటే కంపెనీ వేసుకుందాం" అని వాళ్ల నంబరు కూడా పోర్ట్ పెట్టించేస్తారు. జియోకి 2జీ, 3జీ లేవు, మొదటి నుంచీ 4జీ మీదే నడిచింది. పాత బటన్ ఫోన్లో ఆ సిమ్ వేస్తే పనిచేయదు, 4జీ ఉన్న ఫోనే కావాలి. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌కు 2జీ ఉంది. బోరు మోటరుకు పెట్టే మొబైల్ స్టార్టర్ సంగతి ఇంకా ముఖ్యం. పొలం దగ్గర డబ్బాలో ఉండే ఆ స్టార్టర్లో ఒక సిమ్ ఉంటుంది, రైతు ఇంటి నుంచి ఫోన్ చేస్తే మోటరు నడుస్తుంది, ఆగుతుంది. వాటిలో ఎక్కువ శాతం 2జీ మీద పనిచేసేవే. ఆ సిమ్‌ను తెలియక 2జీ లేని కంపెనీకి మారిస్తే మోటరు దగ్గరికి రాత్రిపూట నడిచి పోవాల్సిందే.

ఇంటర్నెట్ అసలే వాడని పెద్దవాళ్లకు ఇప్పుడు వేరే ప్లాన్లున్నాయి. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన తెచ్చి, డేటా లేకుండా కేవలం కాల్స్, మెసేజ్‌లకు రీఛార్జి ఇవ్వాల్సిందే అని అన్ని కంపెనీలకూ చెప్పింది. దాంతో 2025 జనవరిలో ఎయిర్‌టెల్ 84 రోజులకు 469, ఏడాదికి 1,849 ప్లాన్లు పెట్టింది, జియో 84 రోజులకు 448, 336 రోజులకు 1,748 పెట్టింది. వీటిని షాపులో అడిగితే తప్ప చెప్పరు, యాప్‌లో కూడా కిందికి జరిపి వెతకాలి. బటన్ ఫోన్ వాడే తల్లికి నెలనెలా డేటా ప్లాన్ వేస్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి, వాళ్లందరికీ ఈ సంగతి చెప్పాల్సిన అవసరం ఉంది.

బీఎస్ఎన్ఎల్ చవక అన్నది నిజమే, కానీ అక్కడ కూడా ఒక కన్నేసి ఉంచాలి. ధర అట్లనే ఉంచి రోజులు తగ్గించే పద్ధతి వాళ్లకుంది. 107 రూపాయల ప్లాన్‌కు 35 రోజులుండేవి, 2025లో 28కి దించారు. అంకె అదే కనిపిస్తుంది కాబట్టి చాలామంది గమనించరు. రోజు లెక్క వేసేవాళ్లకే దొరుకుతుంది. రెండు సిమ్‌లు పట్టే ఫోన్ ఉంటే, బ్యాంకుకు ఇచ్చిన పాత నంబరును కదిలించకుండా కాల్స్ ప్లాన్‌లో ఉంచి, డేటా కోసం రెండో స్లాట్‌లో బీఎస్ఎన్ఎల్ వేసి రెండు మూడు నెలలు చూడటం నా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన పద్ధతి. బాగుంటే తర్వాత పోర్ట్ పెట్టుకోవచ్చు, బాగలేకపోతే పోయేది ఒకటి రెండు చిన్న రీఛార్జిలే.

ఇన్ని చూసుకున్నాక కూడా మారాలనే అనుకుంటే పద్ధతి కష్టమేం కాదు. ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పోర్ట్ అని టైపు చేసి, ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు రాసి 1900కి మెసేజ్ పంపాలి. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, దాన్ని యూపీసీ అంటారు. మన టెలికాం సర్కిల్‌లో, అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కలిసి ఉన్న ప్రాంతంలో, దాని గడువు 4 రోజులు. ఆ కోడ్, ఆధార్ పట్టుకొని కొత్త కంపెనీ షాపుకు పోతే వేలిముద్ర, ఫొటో తీసుకొని కొత్త సిమ్ ఇస్తారు. పాత సిమ్‌లో మెసేజ్ ప్లాన్ లేదని భయపడాల్సిన పని లేదు, ఏ ప్లాన్‌లో ఉన్నా 1900కి మెసేజ్ పోనివ్వాలని ట్రాయ్ 2021 డిసెంబరులోనే చెప్పింది. ఒకే సర్కిల్లో అయితే మూడు పనిదినాల్లో, వేరే సర్కిల్‌కు అయితే ఐదు పనిదినాల్లో నంబరు మారాలి. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం సర్కిల్ మాత్రం ఇంకా ఒకటే, ఆంధ్రప్రదేశ్ సర్కిల్ పేరుతోనే వరంగల్, విజయవాడ రెండూ ఉన్నాయి. మహారాష్ట్రలో పని చేసేటప్పుడు తీసుకున్న సిమ్‌ను ఇక్కడికి మార్చుకుంటే అది వేరే సర్కిల్ కిందికి వస్తుంది.

కోడ్ రాకపోవడానికి కారణాలు నాలుగైదు ఉంటాయి. ఇప్పుడున్న కంపెనీలో చేరి 90 రోజులు కాకపోతే ఇవ్వరు. అంటే మారి చూసి నచ్చకపోతే మళ్లీ మూడు నెలలు ఆగాల్సిందే, అందుకే ముందే పరీక్ష చేసుకోమనడం. పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంటే ఇవ్వరు. సిమ్ పోయిందనో పాడైందనో కొత్తది తీసుకుంటే 7 రోజులదాకా ఇవ్వరు, 2024 జులై 1 నుంచి వచ్చిన ఈ నిబంధన దొంగతనంగా సిమ్ మార్చి బ్యాంకు ఖాతాలు ఊడ్చేవాళ్లను ఆపడానికి. ఇక పేరు సమస్య. సిమ్ ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే రావాలి. మన దగ్గర చనిపోయిన నాన్న పేరు మీద, దుబాయి పోయిన అన్న పేరు మీద నడిచే నంబర్లు చాలా ఉంటాయి. వాటిని ముందు పాత కంపెనీలోనే పేరు మార్పించుకొని, ఆ తర్వాత పోర్ట్ పెట్టాలి.

ఏ రోజు మారాలన్నది కూడా చూసుకోవాలి. పాత ప్లాన్‌లో మిగిలిన రోజులు, బ్యాలెన్సు అన్నీ పోతాయి, కొత్త కంపెనీకి రావు. 84 రోజులది వేసి 30 రోజులకే మారితే అప్పటిదాకా చేసిన పొదుపంతా ఇక్కడే ఆవిరి. వ్యాలిడిటీ నాలుగైదు రోజులు మిగిలినప్పుడు మెసేజ్ పంపడం సరైన సమయం. మారే రాత్రి కొన్ని గంటలు సిగ్నల్ ఉండదు. నంబరు అదే కాబట్టి బ్యాంకులో, ఆధార్‌లో ఏమీ మార్చక్కర్లేదు, కానీ సిమ్ కొత్తది కాబట్టి యూపీఐ యాప్‌లు మళ్లీ వెరిఫై చేయమంటాయి, మళ్లీ రిజిస్టర్ అయిన మొదటి 24 గంటలు తక్కువ మొత్తమే పంపనిస్తాయి. ఇంట్లో ఎవరినైనా ఆస్పత్రిలో చేర్చిన వారంలోనో, బిడ్డకు ఎప్‌సెట్ కౌన్సెలింగ్ ఓటీపీలు రావాల్సిన రోజుల్లోనో ఈ పని పెట్టుకోవద్దు.

మెసేజ్ పంపాక పాత కంపెనీ నుంచి ఫోన్ రావచ్చు, ఆగండి, తక్కువకు ఇస్తాం అంటారు. ఆ మాట మెసేజ్‌గా పంపమని అడగండి, పంపకపోతే ఆ ఆఫర్ లేనట్టే లెక్క. మనసు మారి నిజంగా ఆపుకోవాలనుకుంటే, షాపులో దరఖాస్తు ఇచ్చిన 24 గంటల్లోపు ఇంగ్లిష్‌లో క్యాన్సిల్ అని, మీ నంబరు రాసి 1901కి పంపాలి.

చివరిగా ఆ గొడుగుల కింద కూర్చునే పిల్లల సంగతి. రోడ్డు పక్కన కంపెనీ రంగు గొడుగు, ప్లాస్టిక్ టేబులు, వేలిముద్ర యంత్రం పెట్టుకొని ఎండలో కూర్చునే వాళ్లకు ఒక్కో పోర్టుకు కమీషన్ వస్తుంది, వాళ్ల కష్టం వాళ్లది. పోర్టుకు ట్రాయ్ పెట్టిన ఛార్జీ 6 రూపాయల 46 పైసలే, అదీ మామూలుగా కొత్త కంపెనీయే భరిస్తుంది. కాబట్టి డబ్బు అడిగితే అది మొదటి రీఛార్జికా, ఊరికేనా అని నిలబెట్టి అడగండి. మొదటి రీఛార్జి పోర్ట్ ఆఫర్ అయితే రెండోసారి ఎంత కట్టాలో కూడా అడగండి.

ఇక వేలిముద్ర. "ఒకసారి పడలేదు, మళ్లీ పెట్టండి" అనడం మామూలే, పొలం పని చేసే చేతులకు, బట్టలుతికే చేతులకు ముద్రలు నిజంగానే సరిగ్గా పడవు. కానీ రెండో ముద్రతో మీ పేరు మీద ఇంకో సిమ్ తీసి సైబర్ మోసగాళ్లకు అమ్మే పని కూడా కొన్నిచోట్ల జరిగింది, దేశంలో చాలాచోట్ల పోలీసులు ఇలాంటి ఏజెంట్లను పట్టుకున్నారు. ముద్ర పడలేదని యంత్రం తెరమీద కనిపించేది చూశాకే మళ్లీ వేలు పెట్టండి, చదవడం రాని పెద్దవాళ్ల వెంట ఎవరైనా పోండి. పోర్ట్ అయిన వారం తర్వాత కేంద్ర టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటు తెరిచి మీ నంబరు, ఓటీపీ కొడితే మీ పేరు మీద ఎన్ని కనెక్షన్లున్నాయో చివరి అంకెలతో సహా చూపిస్తుంది. ఒకరి పేరు మీద గరిష్ఠంగా 9 ఉండొచ్చు. మీకు తెలియని నంబరు అందులో కనిపిస్తే, అది నాది కాదని అక్కడే నొక్కి రిపోర్టు చేయండి, వెంటనే ఒక రిఫరెన్సు నంబరు వస్తుంది, దాన్ని రాసి పెట్టుకోండి.